స్వచ్ఛంద సంస్థల నిధులు, నైపుణ్యాలు: కొన్ని అపోహలు, వాస్తవాలు

స్వచ్ఛంద సంస్థలకు లెక్కల నిర్వహణలోనూ సిబ్బంది శిక్షణలోనూ తోడ్పడే పనిలో ఉన్నందువల్ల, చిన్న సంస్థల నిర్వాహకుల నోట తరచుగా వినే మాటలు కొన్నింటిని ఇక్కడ పరిశీలిస్తున్నాను. నిధులు దొరకని సంస్థల కంటే, వచ్చిన నిధిని నిలుపుకునే నేర్పు లేక చితికిపోయిన సంస్థలే ఎక్కువని నా అభిప్రాయం. 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చినా, అందరికీ అలవాటైన 1961 చట్టంలోని సెక్షన్ల, ఫారాల సంఖ్యలనే వాడుతున్నాను.

అపోహ: లాభాపేక్ష లేని సంస్థ ఏటా పైసా మిగలకుండా ఖర్చు చేయాలి.

వాస్తవం: ఆదాయపు పన్ను మినహాయింపు కోసం సెక్షన్ 12ఏబీ కింద నమోదైన సంస్థ తన ఆదాయంలో కనీసం 85 శాతాన్ని ఆశయాల కోసం వినియోగించాలి, మిగతా 15 శాతాన్ని నిల్వ ఉంచుకోవచ్చు. అంతకు మించి దాచవలసి వస్తే, ఎందుకోసమో పేర్కొంటూ గడువులోగా ఫారం 10 దాఖలు చేసి, ఐదేళ్ల వరకు ఉంచుకునే వీలుంది. మిగులును సభ్యులు పంచుకోవడమే నిషిద్ధం. మార్చి నెలాఖరున ఖర్చు చూపించాలన్న తొందరలో అక్కరలేని కుర్చీలూ బ్యానర్లూ కొన్న సంస్థే, జూన్‌లో గ్రాంటు విడత ఆలస్యమైతే జీతాల కోసం అప్పుకు బయలుదేరుతుంది.

ఇందులో ఒక చిక్కుంది. ప్రాజెక్టు గ్రాంటు ఒప్పందానికి కట్టుబడి ఉంటుంది కనుక దానిలోంచి నిల్వ తీయడం సాధారణంగా కుదరదు. అందుకే ఊళ్లోవాళ్లు షరతుల్లేకుండా ఇచ్చే చిన్న విరాళాలకు అంత విలువ. శాశ్వత నిధి కోసం ఇచ్చే దాత ‘కార్పస్ నిమిత్తం’ అని స్పష్టంగా రాసి ఇవ్వాలి, ఆ సొమ్మును చట్టం చెప్పిన పెట్టుబడుల్లోనే విడిగా ఉంచాలి. ఆ లేఖ ఫైల్లో లేకపోతే దాన్ని మామూలు విరాళంగానే లెక్కగట్టే ప్రమాదముంది.

అపోహ: పరిపాలనా ఖర్చు ఎంత తక్కువ చూపితే దాతకు అంత నమ్మకం.

వాస్తవం: అద్దె, ఆడిట్ ఫీజు, అకౌంటెంట్ జీతం లేకుండా ఏ ప్రాజెక్టూ నడవదు. బడ్జెట్‌లో అడగని ఖర్చును చివరకు కార్యదర్శి జేబు నుంచో, మరో ప్రాజెక్టు ఖాతా నుంచో తీస్తారు. రెండోది ఆడిట్‌లో తప్పకుండా బయటపడుతుంది. మేము సూచించే పద్ధతి సులువైనదే. ఆఫీసు అద్దె నెలకు 12,000 రూపాయలు, మూడు ప్రాజెక్టుల్లో పనిచేసే సిబ్బంది వరుసగా ఆరుగురు, ముగ్గురు, ఒకరు అనుకుంటే, అద్దె 7,200, 3,600, 1,200 రూపాయలుగా విడిపోతుంది. ఈ ప్రాతిపదికను కార్యవర్గ తీర్మానంగా మినిట్స్ పుస్తకంలో రాసుకుని, ప్రతి నెలా వోచర్‌పై అదే రాస్తే సరిపోతుంది.

విదేశీ విరాళాల విషయంలో మాత్రం గీత గట్టిగా ఉంది: విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి (ఎఫ్‌సీఆర్ఏ) 2020లో చేసిన సవరణ పరిపాలనా వ్యయం పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించింది. అయినా సంస్థ నడిపే ఆస్పత్రిలో డాక్టర్ల జీతాలు, బడిలో టీచర్ల జీతాలు దాని కిందికి రావు. ఈ తేడా తెలియక అసలు పనివారి జీతాలనే కోసుకున్నవారున్నారు.

అపోహ: శిక్షణ ఇప్పిస్తే నేర్చుకుని వెళ్లిపోతారు.

వాస్తవం: కొందరు వెళ్తారు, ఇక్కడి జీతాలకు అది సహజం. అసలు నష్టం పని ఒక్కరి తలలోనే ఉండిపోవడం వల్ల వస్తుంది. దాతకు పన్ను రాయితీనిచ్చే 80జీ విరాళాల వివరాలను ఫారం 10బీడీలో మే 31లోగా దాఖలు చేయాలి, ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల రుసుము. అకౌంటెంట్ ఏప్రిల్‌లో మానేస్తే, పోర్టల్‌కు అనుసంధానమైన ఫోన్ నంబరు అతనిదే అయితే, ఓటీపీ కోసం కార్యదర్శి అతన్ని బతిమాలుకోవాలి. నగరంలో మూడు రోజుల వర్క్‌షాపు కంటే, ఇద్దరు కలిసి నెలనెలా బ్యాంకు పుస్తకాన్ని క్యాష్‌బుక్‌తో సరిచూడడం ఎక్కువ నేర్పుతుంది.

అపోహ: కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) నిధులు పొందేందుకు సంస్థ చేసుకునే నమోదు, అంటే సీఎస్ఆర్-1 నంబరు వస్తే కంపెనీల నిధులు వస్తాయి.

వాస్తవం: 2021 ఏప్రిల్ నుంచి తప్పనిసరైన ఆ నమోదు అర్హతను మాత్రమే చెబుతుంది. కంపెనీ గానీ ప్రభుత్వం గానీ పెట్టకుండా సొంతంగా ఏర్పడిన సంస్థకు పన్ను మినహాయింపు నమోదు (12ఏ), 80జీతో పాటు అటువంటి పనిలో మూడేళ్ల అనుభవం కూడా ఉండాలి. పైగా దీర్ఘకాలిక ప్రాజెక్టు అన్నా, మొదలైన ఆర్థిక సంవత్సరాన్ని మినహాయించి మూడేళ్లకు మించదు. కాబట్టి ఆ గడువు తీరాక జీతాలెక్కడినుంచి వస్తాయన్న ప్రశ్నను మొదటి ఏడాది కార్యవర్గ సమావేశపు ఎజెండాలోనే చేర్చమని చెబుతుంటాను.