ఒంటిరాయి ఊరు: ఓరుగల్లు చుట్టూ రాళ్లను చదవడం

ఓరుగల్లు అంటేనే ఒంటిరాయి. కోటలోని ఏకశిల గుట్ట ఎక్కినవాళ్లు చుట్టూ ఊరిని చూసి దిగొస్తారు, కాళ్ల కింది బండను మాత్రం చూడరు. ఈ ప్రాంతపు గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఇక్కడి నుంచి ఈశాన్యంగా భూపాలపల్లి దాకా వెళ్తే 25-30 కోట్ల ఏళ్ల నాటి బొగ్గు పొరలు తగులుతాయి. ఒక్క పూట ప్రయాణంలో రెండు వందల కోట్ల ఏళ్లకు పైగా దాటేస్తామన్నమాట. ఇంత చరిత్ర ఇంటి పక్కనే పరుచుకొని ఉంటే చదవడం నేర్చుకోకపోవడం నష్టమే.

పెద్ద సరంజామా అక్కర్లేదు. పది రెట్లు పెద్దగా చూపే చిన్న భూతద్దం, జేబు చాకు, దారానికి కట్టిన చిన్న అయస్కాంతం, నీళ్ల సీసా చాలు. భూతద్దాన్ని పేపరు చదివినట్టు రాయి మీద పట్టుకుంటే ఏమీ కనబడదు. అద్దాన్ని కంటికి దాదాపు ఆనించి, రాయినే మెల్లగా దగ్గరకు తేవాలి.

మొదటి పాఠం గుట్ట మీద కాదు, ఇల్లు కట్టేచోట పోసిన కంకర కుప్ప దగ్గర మొదలుపెట్టండి. గుట్ట మీది బండ ఎండకు, వానకు రంగు మారి, పైన నాచు పట్టి ఉంటుంది. కంకరలో అప్పుడే పగిలిన ముఖం దొరుకుతుంది. అందులో గాజు పెంకులా బూడిదరంగులో మెరిసేది క్వార్ట్జ్, అంటే మన పలుగురాయి. గులాబీగానో తెల్లగానో ఉండి, రాయిని ఎండలో తిప్పితే చదును ముఖం తళుక్కుమనేది ఫెల్డ్‌స్పార్. నల్లగా పొరలు పొరలుగా ఉండి చాకు మొనతో లేచి వచ్చేది అబ్రకం జాతి ఖనిజం, బయోటైట్. 1 నుంచి 10 దాకా ఉండే గట్టితనం కొలమానంలో క్వార్ట్జ్ 7, ఫెల్డ్‌స్పార్ 6, మామూలు చాకు సుమారు 5.5. కాబట్టి మొదటి రెండింటి మీదా చాకు పనిచేయదు. పలుగురాయి మీద బూడిదరంగు గీత పడితే మోసపోకండి. అది రాలిన ఇనుము, గోటితో తడిమితే గాడి తగలదు. ఈ గింజలు కంటికి కనిపించేంత పెద్దవి కావడానికి కారణం ఉంది. ఆ కరిగిన రాయి నేల లోపల చాలా లోతున, చాలా నెమ్మదిగా చల్లారింది.

లోతున పుట్టిన రాయి పైనున్న బరువు కొట్టుకుపోయి బయటపడినప్పుడు వ్యాకోచించి, ఉల్లిపొరల్లా పెచ్చులు లేస్తుంది. పరుపు బండ మీద తడితే డొల్లగా మోగేది ఇలాంటి పెచ్చే, దాని అంచున నిలబడవద్దు. గుండు మీద గుండు పేర్చినట్టు కనబడే రాళ్లను ఏదో పాత నది దొర్లించిందనుకోవడం తరచూ జరిగే పొరపాటు. బండకు నిలువుగా, అడ్డంగా పగుళ్లుంటాయి. వాననీరు వాటిలో దిగి ఫెల్డ్‌స్పార్‌ను బంకమట్టిగా మారుస్తుంది. మూల మీద మూడు వైపుల నుంచి దాడి జరుగుతుంది, చదును ముఖం మీద ఒక్క వైపు నుంచే. అందుకే మూలలు ముందు అరిగి, రాయి ఉన్నచోటే గుండ్రమవుతుంది.

మిగిలిన బంకమట్టి, కరగని పలుగు ఇసుక కలిసినదే మన ఎర్ర చెల్క. బావి తవ్వితే మట్టి, మొరం, ఆ తర్వాత గట్టి బండ. నీళ్లు మొరంలోను, బండ పగుళ్లలోను మాత్రమే ఉంటాయి. ఒకరి బోరులో నీళ్లు పడి, పది గజాల దూరంలో పక్కవారిది ఎండిపోవడం అందుకే. నేల లోపల నీరు దాచుకోని ఈ రాతి మీద కాకతీయులు గుట్టల మధ్య కట్టలు పోసి పైననే నీళ్లు ఆపారు. రామప్ప, పాకాల చెరువులు అలాంటివే. గుట్టను క్వారీకి ఇచ్చేస్తే పోయేది రాయి ఒక్కటే కాదు, దాని మీద పడి చెరువుకు నడిచే వాననీటి దారి కూడా.

గ్రానైట్‌ను చీల్చుకుంటూ అక్కడక్కడా నల్లటి గోడల్లా డోలరైట్ అనే నల్లరాయి కనిపిస్తుంది. పగుళ్లలోకి ఎగదన్నిన ద్రవం చప్పున చల్లారడంతో గింజలు సన్నగా, ఒకదానిలో ఒకటి చిక్కుకొని ఉంటాయి. దారానికి కట్టిన అయస్కాంతాన్ని దగ్గరకు తెస్తే కొంచెం పక్కకు లాగుతుంది, లోపలి మాగ్నెటైట్ అనే ఇనుప ఖనిజం వల్ల. గాలి లేనిచోట చూడండి, లేకుంటే ఊగేది గాలికో రాయికో తెలియదు. గింజ సన్నగా ఉండటం వల్లే ఉలి సన్నటి నగిషీని కూడా పట్టుకుంటుంది. వరంగల్‌కు సుమారు 70 కిలోమీటర్ల దూరంలో పాలంపేటలోని రామప్ప గుడి చూస్తే ఇది అర్థమవుతుంది. 1213 నాటి శాసనమున్న ఈ గుడి 2021లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. గోడలు ఎర్రటి ఇసుకరాయి, మదనికలు అనే స్త్రీ శిల్పాలు నల్లరాయి, శిఖరం నీటి కంటే తక్కువ సాంద్రత ఉన్న, సన్నటి రంధ్రాల ఇటుక. ఏ పనికి ఏ రాయి అన్నది ఆ శిల్పులకు బాగా తెలుసు. ఇక్కడ చాకు, అయస్కాంతం సంచిలోనే ఉంచి కళ్లతో మాత్రమే చూడాలి.

తూర్పుకు వెళ్లేకొద్దీ ఇసుకరాయి ఎక్కువవుతుంది. పాకాల పేరుతో భూగర్భ శాస్త్రంలో ఒక శిలా సముదాయమే ఉంది, వయసు వంద కోట్ల ఏళ్లు పైమాటే. విడిగా పడి ఉన్న ముక్క మీద ఒక నీటి చుక్క వేస్తే మెల్లగా ఇంకుతుంది. గ్రానైట్ మీదైతే నిలిచి ఉంటుంది. ఇసుకరాతిలో ఏటవాలు గీతలు కనిపిస్తే అవి పారే నీరో వీచే గాలో ఇసుకను తోసిన జాడలు, ఏ దిక్కుకు వాలితే ప్రవాహం అటు సాగిందన్నమాట.

రేగొండ మండలంలోని పాండవుల గుట్ట ఇసుకరాయే. దాని నీడ పట్టుల్లో ఆదిమానవుల రంగు చిత్రాలున్నాయి, 1990లో వెలుగులోకి వచ్చాయి. బొమ్మ మసకగా ఉందని ఫొటో కోసం నీళ్లు చిలకరించే అలవాటు చాలా చెడ్డది. ఇసుకరాయి ఆ నీటిని పీల్చుకుంటుంది. లోపలి లవణాలు కరిగి, ఆరేటప్పుడు పైకి వచ్చి స్ఫటికాలవుతాయి. అవి పెరుగుతూ రంగు అంటుకున్న రేణువుల్ని నెట్టి రాల్చేస్తాయి. ఇలా ఒక్కసారి రాలిన రంగు మళ్లీ రాదు. ఫ్లాష్ ఆర్పి, ఫోన్‌ను రాయికి ఆనకుండా నిలకడగా పట్టి, కాస్త ఎక్కువ వెలుతురు తీసుకునేలా పెడితే బొమ్మ తేటగా వస్తుంది. తల పైన తేనెతుట్టెలు ఉన్నాయేమో ముందే చూసుకోండి. ఉంటే అక్కడ అరవకండి, పొగ పెట్టకండి.