జైలు గేటు దాటాక ఎవరిది బాధ్యత?

నిజాం కాలంలో 1886లో వెలసిన వరంగల్ కేంద్ర కారాగారం తివాచీల నేతకు పేరు పొందింది. అయితే అక్కడ మగ్గం పని నేర్చుకున్న మనిషి విడుదలై ఊరు చేరాక ఆ పని ఎక్కడ చేయాలి, మగ్గం ఎవరు ఇప్పించాలి అనే ప్రశ్న మాత్రం ఎన్నడూ జైలు గోడ దాటి వెళ్లలేదు.

దేశంలో జైళ్ల నిర్వహణకు ప్రాతిపదికగా నిలిచిన 1894 నాటి చట్టం, ప్రమాదకరమైన జబ్బుతో ఉన్న ఖైదీని అతని ఇష్టానికి విరుద్ధంగా బయటకు పంపరాదని చెప్పిందే తప్ప, ఆ తర్వాతి బతుకు గురించి మాట్లాడలేదు. శిక్ష లక్ష్యం మనిషిని సంస్కరించడమేనని, విడుదలైనవారికి చేయూత అవసరమని 1919-20 నాటి జైళ్ల కమిటీ గుర్తించింది. 1980లో ఏర్పడిన జస్టిస్ ముల్లా కమిటీ కూడా ఆ బాధ్యతను ప్రభుత్వాలకే గుర్తుచేసింది. రాజ్యాంగం ప్రకారం జైళ్లు రాష్ట్రాల జాబితాలోనివి కాబట్టి, ఈ సిఫార్సుల అమలు ఆయా రాష్ట్రాల ఆసక్తి మీదే ఆధారపడింది.

తెలంగాణ జైళ్ల శాఖ నడిపే పెట్రోలు బంకుల్లో ఖైదీలతోపాటు విడుదలైనవారికీ పని దొరకడం చెప్పుకోదగిన విషయమే. కానీ బంకు ఉన్నచోటే ఆ ఉపాధి. ఏటూరునాగారం అడవి పల్లెకు తిరిగి వెళ్లేవారికి అది అందదు.

జరిమానా కట్టలేక, జామీను ఇచ్చేవారు లేక లోపలే మిగిలిపోయే పేదల కోసం కేంద్రం 2023లో ఒక పథకం తెచ్చింది. 2023 నాటి నిబంధనల్లో, జిల్లా కమిటీ ఆమోదిస్తే శిక్షపడినవారికి జరిమానా కింద 25,000 రూపాయల వరకు, విచారణ ఖైదీకి బెయిలు కోసం 40,000 వరకు చెల్లించేలా ఏర్పాటు చేశారు. ఆ సొమ్ము మనిషిని గేటు దాటిస్తుంది, అంతే. రద్దయిన రేషన్ కార్డు, తాకట్టులో పడ్డ పొలం, పనికి పిలవడానికి జంకే ఊరు దాని పరిధిలోకి రావు.

వరంగల్ ప్రాంతానికి మరో చిక్కు తోడైంది. 2021లో ఆసుపత్రి నిర్మాణం కోసం పాత జైలును కూల్చి, ఖైదీలను హైదరాబాద్ శివారులోని చర్లపల్లి తదితర జైళ్లకు తరలించారు. ములాఖత్‌కు వెళ్లాలంటే ములుగు, భూపాలపల్లి కుటుంబాలకు ఒక రోజు కూలి పోవడమే కాక, రానుపోను చార్జీలూ తప్పనిసరి అయ్యాయి. విడుదలైన రోజున ఎదురుచూసి తీసుకెళ్లే మనిషి ఉండాలంటే ముందు ఆ రాకపోకలు తెగిపోకుండా ఉండాలి. పునరావాసంపై ఇన్ని కమిటీలు రాసినా, జైలును ఎక్కడ కట్టాలో నిర్ణయించేటప్పుడు ఈ లెక్క చూసినట్లు కనిపించదు.