డెంప్సీ చేతికట్లలో ప్లాస్టర్ ఉందా? తెగని టోలెడో తగువు

1919 జులై 4న అమెరికాలోని టోలెడోలో జరిగిన బాక్సింగ్ పోటీలో జాక్ డెంప్సీ మొదటి రౌండులోనే చాంపియన్ జెస్ విల్లార్డ్‌ను ఏడుసార్లు కింద పడగొట్టాడు. విల్లార్డ్ ఆరున్నర అడుగుల మనిషి, 245 పౌండ్ల బరువు. డెంప్సీ 187 పౌండ్లే. మూడో రౌండు తర్వాత విల్లార్డ్ ఇక లేవలేదు, హెవీవెయిట్ టైటిల్ చేతులు మారింది. అంత భారీకాయుణ్ని అలా కూల్చడం ఉత్త పిడికిళ్లతో అయ్యే పనేనా అన్న అనుమానం మాత్రం మిగిలిపోయింది. డెంప్సీ గొప్పతనం గురించి మాట మొదలైతే చాలు, గ్లవుల కింద చేతులకు చుట్టుకున్న ఆ కట్లలో ప్లాస్టర్ ఉందా అన్న ప్రస్తావన వచ్చి తీరుతుంది.

ఆ అనుమానానికి ఆజ్యం పోసింది డెంప్సీ పాత మేనేజరే. జాక్ 'డాక్' కెర్న్స్ 1963లో పోయాడు. ఆయన చెప్పిన కథ 1964 జనవరిలో స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్‌లో అచ్చయింది. టాల్కం పౌడర్ డబ్బాలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ నింపి తడి బ్యాండేజీల మీద చల్లాననీ, ఆ సంగతి డెంప్సీకి తెలియదనీ అందులో ఉంది. మొదటి రౌండులోనే పని అయిపోతుందని ఒకటికి పది చొప్పున 10,000 డాలర్ల పందెం కాశాడట. డెంప్సీ దావా వేశాడు, చివరికి రాజీ కుదిరింది. 1920ల మధ్యలోనే వీళ్లిద్దరూ విడిపోయి డబ్బు కోసం కోర్టులకెక్కారు కాబట్టి కెర్న్స్ మాటను ఆ లెక్కన తూచాల్సిందే. కట్లు కట్టేటప్పుడు అక్కడే ఉన్నాననీ, ప్లాస్టర్ మాట అబద్ధమనీ 'ద రింగ్' పత్రిక స్థాపకుడు నాట్ ఫ్లైషర్ చెప్పాడు. అయితే ఆయన డెంప్సీకి స్నేహితుడు.

సాక్షులను పక్కనపెట్టి వస్తువునే చూద్దాం. తడిసిన ప్లాస్టర్ కొద్ది నిమిషాల్లో బిగుసుకుంటుంది, కానీ పలచటి పొర పెళుసుగా ఉంటుంది. వరసగా గట్టి దెబ్బలు తగిలితే పగిలి పొడి అవుతుంది. కట్టు బిగుసుకుపోతే పిడికిలి సరిగా ముడుచుకోదు, కొట్టేవాడి ఎముకలకే ముప్పు. రెండు, మూడు రౌండ్లలో విల్లార్డ్ ఒక్కసారి కూడా కింద పడలేదు. ప్లాస్టర్ రాలిపోయింది కాబట్టేనంటారు నమ్మేవాళ్లు. ఆ మండుటెండలో డెంప్సీ మొదటి రౌండులోనే ఉన్న బలమంతా వాడేశాడంటారు మిగతావాళ్లు. రెండోదే నిజానికి దగ్గరగా ఉంది. మొదటి రౌండు చివర గెలిచాననుకుని రింగు దిగిపోయిన డెంప్సీని వెనక్కి పిలవాల్సి వచ్చింది మరి.

పిడికిట్లో ఇనుప ముక్క దాచాడన్న ఇంకో కథకైతే ఫిల్మే అడ్డు. డెంప్సీ అరచేతులతో విల్లార్డ్‌ను నెట్టడం, తాళ్లు పట్టుకోవడం అందులో కనిపిస్తాయి. ఆ ఫిల్మును చూసేటప్పుడూ జాగ్రత్త కావాలి. మూకీ కాలపు కెమెరాను చేత్తో తిప్పేవాళ్లు, సెకనుకు సుమారు 16 ఫ్రేములు. దాన్ని 24 ఫ్రేముల వేగంతో వేస్తే ప్రతి గుద్దూ ఒకటిన్నర రెట్లు వేగంగా కనిపిస్తుంది.

అసలు కారణాలు కళ్లెదుటే ఉన్నాయి. విల్లార్డ్‌కు 37 ఏళ్లు, డెంప్సీకి 24. విల్లార్డ్ 1916 మార్చి తర్వాత టైటిల్ పోటీకి దిగనే లేదు. పైగా పడినవాడు లేచేదాకా అవతలివాడు తటస్థ మూలకు వెళ్లి నిలబడాలన్న నియమాన్ని అప్పట్లో ఎవరూ అమలు చేయలేదు. డెంప్సీ పక్కనే నిలబడి, విల్లార్డ్ మోకాళ్ల మీంచి లేస్తుండగానే కొట్టాడు. ఇదే అలవాటు 1927లో షికాగోలో ఆయన్నే దెబ్బతీసింది. ప్రత్యర్థి జీన్ టన్నీ పడినప్పుడు డెంప్సీ మూలకు వెళ్లడం ఆలస్యం చేశాడు, రిఫరీ పది దాకా లెక్కపెట్టడం ఆలస్యంగా మొదలైంది, లేవడానికి టన్నీకి దాదాపు 14 సెకన్లు దొరికాయి.

ఇప్పుడు కట్టు కట్టేటప్పుడు బాక్సింగ్ కమిషన్ ఇన్‌స్పెక్టర్ పక్కనే ఉంటాడు, ప్రత్యర్థి మనిషీ చూడొచ్చు, అయ్యాక టేపు మీద సంతకం చేస్తారు. 2009 జనవరిలో లాస్ ఏంజెలెస్‌లో బాక్సర్ ఆంటోనియో మార్గరిటో కట్లలోని ప్యాడ్లను ప్రత్యర్థి షేన్ మోస్లీ ట్రైనర్ నజీమ్ రిచర్డ్‌సన్ పట్టుకున్నది అలాగే. పరీక్షలో కాల్షియం, సల్ఫర్ బయటపడ్డాయి. రెండూ ప్లాస్టర్‌లో ఉండేవే. మార్గరిటో లైసెన్సు రద్దయింది. దాంతో టోలెడో కథ మళ్లీ పైకి లేచింది.

ప్లాస్టర్ గొడవ కంటే డెంప్సీ గొప్పతనాన్ని ఎక్కువగా ప్రశ్నించాల్సిన చోటు హ్యారీ విల్స్‌తో ఆయన తలపడకపోవడం. నల్లజాతి హెవీవెయిట్లలో విల్స్ ఆ కాలపు అగ్రశ్రేణి పోటీదారు. 1908 నుంచి 1915 దాకా నల్లజాతి బాక్సర్ జాక్ జాన్సన్ చాంపియన్‌గా ఉన్న తర్వాత నల్లవాళ్లకు హెవీవెయిట్ టైటిల్ తలుపులు మూసుకున్నాయి. 1925లో డెంప్సీ, విల్స్ ఒప్పందం మీద సంతకాలు చేశారు కానీ డెంప్సీకి రావాల్సిన డబ్బు అందక అదీ చెడింది. 1923 సెప్టెంబరులో అర్జెంటీనా బాక్సర్ ఫిర్పోతో తలపడ్డాక మూడేళ్లపాటు డెంప్సీ టైటిల్‌ను పణంగా పెట్టనే లేదు. 1926 సెప్టెంబరు 23న ఫిలడెల్ఫియాలో టన్నీ దాన్ని గెలుచుకున్నాడు. ఒక నల్లజాతి బాక్సర్‌కు మళ్లీ హెవీవెయిట్ టైటిల్ పోటీ దక్కింది 1937లో, జో లూయిస్‌కు.