తాతయ్యకి బిళ్ళ, ఆ అబ్బాయికి ఇంజెక్షన్

చిన్నూ, బుజ్జీ,

మొన్న ఫోన్లో అడిగారు కదా: "తాతయ్యా, నీకూ షుగరే, మా క్లాసులో ఒకబ్బాయికీ షుగరే. నువ్వు పొద్దున్నే ఒక బిళ్ళ వేసుకుంటే సరిపోతుంది, వాడేమో రోజుకి నాలుగుసార్లు ఇంజెక్షన్ చేసుకోవాలి. ఎందుకని?" రెండు ముక్కల్లో తేలే విషయం కాదది. ఈలోగా మీ అమ్మ "హోంవర్కు ఉంది నాన్నా" అని ఫోన్ లాగేసుకుంది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ముందు ఒక లెక్క చేయండి. పెద్దవాళ్ల ఒంట్లో రక్తం సుమారు 5 లీటర్లు. పరగడుపున ప్రతి 100 మిల్లీలీటర్లలో 90 మిల్లీగ్రాముల గ్లూకోజు ఉందనుకుందాం. మొత్తం ఎంతయింది? నాలుగున్నర గ్రాములు. మన వంటింటి చెంచాతో ఒక చెంచాడు పంచదార, అంతే! మీరు కంచం నిండా అన్నం తింటే అది అరిగి వచ్చే గ్లూకోజు దీనికి పది రెట్లకు పైమాటే. అయినా ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తంలో గ్లూకోజు రెట్టింపు కూడా కాదు. వచ్చింది వచ్చినట్టు కండల్లోకీ కాలేయంలోకీ సర్దుకుంటుంది. అలా సర్దించేది ఇన్సులిన్. దాన్ని తయారుచేసేవి పొట్ట వెనకాల క్లోమంలో ఉండే బీటా కణాలు.

ఆ కణాలుండే గుంపుల్ని మొదట చూసినవాడు పాల్ లాంగర్‌హాన్స్ అనే 21 ఏళ్ల కుర్రాడు. 1869లో, బెర్లిన్‌లో. అవేం పని చేస్తాయో తనకు తెలియదని దాపరికం లేకుండా రాశాడు. నాకు ఆ మాట భలే నచ్చుతుంది. గుంపులు పది లక్షల దాకా ఉన్నా, అన్నీ కలిపితే క్లోమం బరువులో నూటికి ఒకటి రెండు వంతులే. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్‌ని బయటికి తీయడం, మరుసటి జనవరిలో లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల అబ్బాయికి దాన్ని ఇవ్వడం, ఆ కథ ఎక్కడైనా దొరుకుతుంది. నేను చెప్పదలుచుకున్నది అది కాదు.

రక్తంలో గ్లూకోజు పెరిగిందని బీటా కణానికి ఎలా తెలుస్తుంది? అసలు ప్రశ్న ఇదీ.

జవాబు చిత్రంగా ఉంటుంది. అది గ్లూకోజుని తనే తినేస్తుంది. రక్తంలో ఎక్కువుంటే ఎక్కువ లోపలికి వస్తుంది, ఎక్కువ ఖర్చవుతుంది, దాంతో ఏటీపీ అనే శక్తి పదార్థం ఎక్కువ తయారవుతుంది. ఈ ఏటీపీని 1929లో జర్మనీలో కార్ల్ లోమన్ కనిపెట్టాడు. అదే రోజుల్లో అమెరికాలో, హార్వర్డ్‌లో, సైరస్ ఫిస్క్‌తో కలిసి పనిచేస్తూ దాన్ని విడిగా కనిపెట్టినవారు మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి అక్కడికి వెళ్లినాయన. ఆయనకి రావలసినంత పేరు రాలేదని నా బాధ, అది ఇంకో ఉత్తరంలో.

ఇక బీటా కణం గోడ సంగతి. అందులో పొటాషియం బయటికి పోయే సన్నటి దారులుంటాయి. ఒక్కోదానికి ఒక్కో తలుపు ఉందనుకోండి. గ్లూకోజు తక్కువగా ఉన్నప్పుడు ఆ తలుపులు తెరిచే ఉంటాయి, కణం నిమ్మళంగా ఉంటుంది. ఏటీపీ పెరిగితే అది తలుపుకి అతుక్కుని మూసేస్తుంది. పొటాషియం బయటికి పోవడం ఆగేసరికి గోడకి అటూ ఇటూ ఉన్న విద్యుత్తు మారిపోతుంది. అప్పుడు కాల్షియం దారులు తెరుచుకుంటాయి. కాల్షియం లోపలికి జొరబడగానే, ఇన్సులిన్ నింపిపెట్టిన బుల్లి సంచులు గోడకి అంటుకుని విప్పుకుంటాయి. ఒక్కో కణంలో ఇలాంటి సంచులు వేలల్లో ఉంటాయి, ఒక్కసారికి విప్పుకునేవి కొన్నే.

ఆ తలుపుని గ్లూకోజు మూయిస్తుందని 1984లో ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్రాన్సిస్ ఆష్‌క్రాఫ్ట్, ఆమె తోటివాళ్లు చూపించారు. వెంట్రుక కన్నా ఎంతో సన్నటి గాజు గొట్టం కొనని ఒక్క కణం మీద ఆనిస్తారు. ఆ కొన కింద ఉన్న తలుపు తెరుచుకుంటే తెర మీద కరెంటుని చూపే గీత కాస్త జరుగుతుంది, మూసుకుంటే మళ్లీ మొదటి చోటికి వస్తుంది. కణం చుట్టూ గ్లూకోజు పోశారు. గీత కదలడం దాదాపు మానేసింది. మూసేది ఏటీపీయేనని అదే ఏడాది డేనియల్ కుక్, నికొలస్ హేల్స్ తేల్చారు. అప్పటికి సుబ్బారావుగారు పోయి 36 ఏళ్లు.

ఇప్పుడు నా బిళ్ళ దగ్గరికి వద్దాం. 1942లో, యుద్ధం మధ్యలో, ఫ్రాన్సులోని మోంపెలియేలో మార్సెల్ జాంబాన్ అనే డాక్టరు టైఫాయిడ్ రోగులకు క్రిముల్ని చంపే కొత్త సల్ఫా మందు ఇచ్చాడు. కొందరికి షుగర్ ఉన్నట్టుండి పడిపోయింది. ఇదేమిటా అని ఆగస్ట్ లూబాతియేర్ కుక్కల మీద పరీక్షించాడు. క్లోమం తీసేసిన కుక్కలో ఆ మందు పనిచేయలేదు. అంటే షుగర్ తగ్గించేది మందు కాదు. మందు క్లోమంతో ఇన్సులిన్ వదిలిస్తోంది, అంతే. ఎలా వదిలిస్తుందో తెలియకుండానే దాదాపు ముప్పై ఏళ్లపాటు ఆ జాతి బిళ్ళలు కోట్లమంది మింగారు. 1985లో తెలిసింది: ఏటీపీ మూసే ఆ తలుపునే ఇవీ మూస్తాయి! నేను వేసుకునే గ్లిమిపిరైడ్ ఆ కుటుంబందే.

మీ క్లాసు అబ్బాయికి ఉన్నది టైప్ 1. ఒంట్లోకి వచ్చే క్రిముల్ని చంపాల్సిన రక్షణ వ్యవస్థ పొరపాటున అతని బీటా కణాల్ని నాశనం చేసింది. కణమే లేకపోతే మూయడానికి తలుపేది? అందుకే ఇన్సులిన్ బయటినుంచే ఇవ్వాలి. ఎవరైనా "చాక్లెట్లు ఎక్కువ తిన్నావా?" అని అతన్ని ఆటపట్టిస్తే అది శుద్ధ తప్పని గట్టిగా చెప్పండి. నాకున్నది టైప్ 2. కణాలున్నాయి, కానీ మందకొడిగా పనిచేస్తాయి, పైగా ఒళ్లు ఇన్సులిన్ మాట సరిగా వినదు.

ఈ పరిశోధనకి అసలు ఫలితం పసిపిల్లల్లో కనిపించింది. పుట్టిన ఆరు నెలల్లోపే షుగర్ వచ్చే పిల్లలు అరుదుగా ఉంటారు. వాళ్లదీ టైప్ 1 అనుకుని ఇన్సులిన్ పొడిచేవాళ్లు. ఇంగ్లండులో ఎక్సెటర్‌లోని ఆండ్రూ హాటర్స్‌లీ, ఆనా గ్లాయిన్ బృందం 2004లో తేల్చిందేమిటంటే, అలాంటివాళ్లలో సుమారు మూడోవంతు మందిలో ఆ తలుపుని తయారుచేసే జన్యువులోనే మార్పు ఉంది. కణాలు బాగానే ఉన్నాయి, సంచుల నిండా ఇన్సులిన్ ఉంది, కానీ ఏటీపీ ఎంత ప్రయత్నించినా తలుపు మూతపడదు. మరి బిళ్ళ మూయగలదా? మూసింది. 2006లో ప్రచురించిన ఫలితాల్లో 49 మందికి ఆ బిళ్ళలు ఇస్తే 44 మంది ఇంజెక్షన్లు పూర్తిగా మానేశారు. చెన్నైలో మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ వాళ్లు కూడా ఇలాంటి పసివాళ్ల జన్యువులు పరీక్షించి బిళ్ళలకు మార్చారు. అయితే మీ స్నేహితుడు ఇది విని ఆశపడి ఇన్సులిన్ మానకూడదు సుమా, ప్రాణానికే ప్రమాదం. అతని కేసు వేరు.

ఈ బిళ్ళతో ఒక చిక్కుంది. ఏటీపీ తలుపు మూసేది గ్లూకోజు పెరిగినప్పుడే. బిళ్ళకి ఆ విచక్షణ లేదు, నేను తిన్నా తినకపోయినా మూసేస్తుంది. అందుకే బిళ్ళ వేసుకుని టిఫిన్ ఆలస్యం చేస్తే మీ అమ్మమ్మకి టెన్షన్. నాకు చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడితే అల్లరి చేస్తున్నాననుకోకండి. మెలకువగా ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి. పావుగంటలో తేరుకోకపోతే మళ్లీ ఇవ్వండి. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోన్ చేయండి.

మీ తాతయ్య