బ్రెండన్ షైన్ నవ్వు పాటల వెనక డాన్స్ హాళ్లు

అద్దె కోసం భూస్వామి వస్తాడు. చేతిలో చిల్లిగవ్వ లేదు, రోజులు బాగాలేవంటాడు ఆ పల్లెటూరి బ్రహ్మచారి. పోనీ సగమైనా ఇవ్వమంటే నవ్వేసి, "మీ వసారా కడిగిపెట్టమంటారా?" అని అడుగుతాడు. 1980 ప్రాంతంలో ఐర్లండ్ గాయకుడు బ్రెండన్ షైన్ పాడగా ఆ దేశమంతా మార్మోగిన పాటలో ఒక ఘట్టమిది. దీనికి అంత నవ్వెందుకో తెలియాలంటే ఆ దేశపు డాన్స్ హాళ్ల సంగతి తెలియాలి.

వెనకటికి అక్కడి పల్లెల్లో డాన్సులు ఎక్కువగా ఎవరో ఒకరి వంటింట్లోనే జరిగేవి. మతగురువులు పట్టుబట్టడంతో 1935లో చట్టం వచ్చింది. హాలుకు కోర్టు నుంచి లైసెన్స్ ఉండాలన్నారు. దాన్ని చూపించి ఇళ్లలో డాన్సులూ ఆపించారు. జనం హాళ్లకు మళ్లారు. మగవాళ్లు ఒక గోడ వారన, ఆడవాళ్లు ఎదుటి గోడ వారన. మందు ఉండదు, కూల్‌డ్రింకులే.

1950ల్లో ఉత్తర ఐర్లండ్‌లోని స్ట్రబేన్ ఊరి క్లిప్పర్ కార్ల్‌టన్ బ్యాండు కుర్చీలు వదిలి లేచి నిలబడి వాయించడం, పేరున్న గాయకుల్ని అనుకరించడం మొదలుపెట్టింది. పాటతోపాటు ప్రదర్శన కూడా ఇచ్చే ఇలాంటి షోబ్యాండ్ల కాలం అలా వచ్చింది. కామెడీ కూడా డాన్సు ప్రోగ్రాంలో భాగమైంది. మరోపక్క అమెరికా కంట్రీ పాటలు పల్లెల్లోకి దూసుకొచ్చాయి. 1963లో అమెరికా కంట్రీ గాయకుడు జిమ్ రీవ్స్ ఐర్లండ్ టూరుకు వచ్చి, శ్రుతి లేని పియానోలు చూసి చిరాకుపడ్డాడు. అయినా జనానికి ఆయన మీద మోజు తగ్గలేదు. ఆయన చనిపోయాక నివాళిగా ఐర్లండ్ గాయకుడు ల్యారీ కన్నింగ్‌హామ్ పాడిన పాట బ్రిటన్ చార్టుల్లోకీ ఎక్కింది. డాన్స్ హాళ్లు కట్టిన ఆల్బర్ట్ రేనాల్డ్స్ 1992లో ఏకంగా ఐర్లండ్ ప్రధానమంత్రే అయ్యాడు!

షైన్‌ది రోస్‌కామన్ కౌంటీ, అథ్లోన్ పక్కనే. మొదట కేలీ బ్యాండులో, అంటే ఐర్లండ్ సంప్రదాయ డాన్సు సంగీతం వాయించే బృందంలో, అకార్డియన్ (తిత్తులతో మోగే వాద్యం) వాయించాడు. జనం ఏ తాళానికి కాలు కదుపుతారో అక్కడే పట్టుకున్నాడని నా అభిప్రాయం. 1970ల్లో పాటలు వరసగా హిట్టయ్యాయి. పెళ్లికాని డాన్ అనే అతని గురించిన పాట కూడా ఆయనదే. పశ్చిమ ఐర్లండ్‌లో ఇంటి అమ్మాయిలు ఇంగ్లండ్‌కో అమెరికాకో వెళ్లిపోతే, పొలం పట్టుకుని ఒంటరిగా మిగిలిన మగవాళ్లు ఊరికి ఎంతమందో. హాల్లో గోడకు ఆనుకుని నిలబడేవాళ్లలో వాళ్లూ ఉండేవారు. తమ గురించిన జోకుకి తామే ముందు నవ్వేవారు. నగర విమర్శకులు ఈ పాటల్ని చవకబారువని కొట్టిపారేశారు గానీ, జనం తమను చూసి తామే నవ్వుకుంటున్న సంగతి ఆ విమర్శకులు పట్టించుకున్నట్టు లేదు.

1975లో ఐర్లండ్‌కు చెందిన మయామీ షోబ్యాండ్ సభ్యులు ముగ్గుర్ని ఉత్తర ఐర్లండ్‌లో సాయుధులు చంపాక, ఆ సరిహద్దు దాటి రాత్రిపూట ప్రయాణమంటేనే బ్యాండ్లకు భయం పట్టుకుంది. ఈలోగా మందు దొరికే హోటళ్లు, పబ్బులు జనాన్ని లాక్కున్నాయి. పెద్ద హాళ్లు మూతపడ్డాయి. అయినా షైన్ లాంటివాళ్లు నిలబడ్డారు: అకార్డియన్ భుజానికి తగిలించుకుంటే పబ్బు మూలైనా చాలు. పైగా వలస వెళ్లినవాళ్లు ఇంగ్లండ్‌లో ఎదురుచూస్తూనే ఉన్నారు. లండన్ క్రికిల్‌వుడ్‌లోని గాల్టీమోర్ అనే డాన్సు క్లబ్బులో ఒక హాల్లో కేలీ, ఇంకో హాల్లో ఆధునిక డాన్సులు జరిగేవి. అది 2008 దాకా నడిచింది.