మన జిల్లా మీద పరిశోధన పేపర్లే లేవా? ఎకనామిక్స్ డేటాబేస్‌లపై కొన్ని అపోహలు

శ్రీకాకుళంలో ఒక యూనివర్సిటీ లైబ్రరీలో రిఫరెన్స్ డెస్క్ నాది. ఎకనామిక్స్, కామర్స్ స్కాలర్లు వస్తూనే "మేడమ్, డేటాబేస్ ఉందా?" అంటారు. ఏది కావాలమ్మా అంటే నీళ్లు నములుతారు.

అపోహ: డేటాబేస్ అంటే అంకెలే.

వాస్తవం: ఎకాన్‌లిట్, జేస్టోర్, రెపెక్ వ్యాసాల కోసం. అంకెలకు రిజర్వు బ్యాంకు గణాంకాల సైట్ డీబీఐఈ, కంపెనీల లెక్కలుండే సీఎంఐఈ ప్రోవెస్ లాంటివి వేరే ఉన్నాయి. జిల్లాలో బ్యాంకు డిపాజిట్లెంత, అప్పులెంత అన్నది జేస్టోర్‌లో రోజంతా తవ్వినా రాదు. డీబీఐఈలో ఉచితంగా దొరుకుతుంది.

అపోహ: మన జిల్లా మీద ఎవరూ రాయలేదు.

వాస్తవం: ఇది వారానికోసారైనా వింటాను. జీడి పరిశ్రమ మీద పని చేస్తున్న పలాస అమ్మాయి "ఎక్కడా నేదండి మేడమ్" అంది. ఏం కొట్టావని చూస్తే "పలాస జీడిపప్పు". తెర నిండా కిలో ధరలు, హోమ్ డెలివరీలు! ఊరి పేరు తీసేయించి, రెపెక్ వాళ్ల వెతుకులాట సైట్ ఐడియాస్‌లో జెల్ కోడ్ (ఎకనామిక్స్ పేపర్లకు విషయాన్ని బట్టి ఇచ్చే గుర్తు) క్యూ13 తెరిపించాను. వ్యవసాయ మార్కెట్ల పేపర్లకు ఇచ్చే కోడ్ అది. అక్కడ ఇంగ్లిషులో 'క్యాష్యూ' కొట్టాక దారి దొరికింది. డ్వాక్రా అన్న మాటతోనూ ఇదే గొడవ. బయటివాళ్లు రాసేది 'సెల్ఫ్ హెల్ప్ గ్రూప్' అనో 'మైక్రోఫైనాన్స్' అనో, కోడ్ జీ21. పాత రికార్డులైతే శ్రీకాకుళం అని కాదు, బ్రిటిష్ వాళ్లు పిలిచిన 'చికాకోల్' అన్న పేరుతో, గంజాం జిల్లా కింద వెతకాలి. 1936 దాకా అది గంజాం జిల్లాలో ఉండేది మరి.

అంకెల్లో ఇంకో గొయ్యి ఉంది, జిల్లాల సరిహద్దులు మారడం. విజయనగరం జిల్లా పుట్టిందే 1979లో. 2022 ఏప్రిల్‌లో రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరానికి, పాలకొండ పార్వతీపురం మన్యానికి వెళ్లాయి. ఆ ఏడాది శ్రీకాకుళం గ్రాఫ్ కిందికి జారితే, రైతు పంట తగ్గించాడని రాసేయకండి. ముందు సరిహద్దు చూడండి.

అపోహ: క్యాంపస్ దాటితే ఏదీ తెరుచుకోదు.

వాస్తవం: మీ సంస్థ ఇన్‌ఫెడ్‌లో (విద్యాసంస్థల ఉమ్మడి లాగిన్ ఏర్పాటు) చేరి ఉంటే ఇంటి నుంచే లాగిన్ కావచ్చు. ఐడీ లైబ్రరీలో అడగండి.

అపోహ: 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' వచ్చింది, ఇక అన్నీ ఫ్రీ.

వాస్తవం: ఈ కేంద్ర ప్రభుత్వ పథకం కింద 2025 జనవరి నుంచి ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు 30 మంది ప్రచురణకర్తల జర్నళ్లు, దాదాపు 13,000, అందుతున్నాయి. మాకైతే పండగే. కానీ అవి జర్నళ్లు. ప్రోవెస్‌కు చందా వేరే కట్టాలి.

అపోహ: సారాంశం తప్ప తెరుచుకోకపోతే ఆ పేపర్ మీద ఆశ వదులుకోవాల్సిందే.

వాస్తవం: ఎకనామిక్స్ వాళ్లకు ఒక మంచి అలవాటుంది, జర్నల్‌కు ముందే వర్కింగ్ పేపర్‌గా, అంటే తొలి ప్రతిగా, బయటపెట్టేస్తారు. పేరు యథాతథంగా ఐడియాస్‌లో కొట్టండి. అక్కడా లేకపోతే రచయితకే మెయిల్ పెట్టండి, చాలామంది పంపిస్తారు. అప్పటికీ రాకపోతే నా డెస్క్ దగ్గరికి రండి, వేరే లైబ్రరీ నుంచి తెప్పించే ప్రయత్నం చేద్దాం.