కథ చెబితే సరుకు అమ్ముడవుతుందా? అపోహలు - వాస్తవాలు

చిన్న వ్యాపారాలకు ప్రచార రచన చేయడం నా వృత్తి. చేనేత, పచ్చళ్లు, మిఠాయిల వారే ఎక్కువగా వస్తారు. "మా వ్యాపారానికి మంచి కథ రాసిపెట్టండి" అని అడుగుతారు. ఆ కథ ఎలా ఉండాలన్న దగ్గరే పేచీ.

అపోహ: కథంటే యజమాని పడ్డ కష్టాలు, ఊరి గొప్పదనం.

వాస్తవం: వాటి మీద గౌరవం ఉన్నా, కొనేవారు డబ్బు పెట్టేది సరుకు మీద. పోచంపల్లినే తీసుకోండి. 1951 ఏప్రిల్‌లో వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇవ్వడంతో వినోబా భావే భూదానోద్యమం మొదలైంది అక్కడే. గొప్ప చరిత్రే. కానీ చీరల దుకాణం దానితో మొదలుపెడితే, చదివినవారు మనసులో ఓ దండం పెట్టి వెళ్లిపోతారు.

చెప్పాల్సింది నూలు సంగతి. ఇక్కడ రంగులు నేశాక అద్దరు. నేయకముందే నూలుకు పట్టిస్తారు. డిజైన్ లెక్క ప్రకారం పోగులను అక్కడక్కడా బిగించి కట్టి రంగులో ముంచుతారు. కట్టు ఉన్నచోట రంగు ఎక్కదు. ఎన్ని రంగులుంటే అన్నిసార్లు కట్టడం, విప్పడం, ముంచడం. ఆ తర్వాతే మగ్గం. అందుకే పువ్వు అంచులు కాస్త చెదిరినట్టుంటాయి. చీర రెండు వైపులా డిజైన్ ఒకేలా కనిపిస్తుంది. అచ్చు వేసిన నకలును తిరగేస్తే సాధారణంగా వెనకవైపు వెలిసినట్టుంటుంది. ఇది తెలిసిన మనిషి ఈసారి ఏ దుకాణానికి వెళ్లినా ముందు చీర తిరగేసి చూస్తుంది. అంచు చెదిరిందని చీర వెనక్కి పంపడం కూడా తగ్గుతుంది.

అపోహ: కథే కదా, కాస్త కల్పించినా ఫరవాలేదు.

వాస్తవం: పచ్చడి సీసాల మీద ఉన్నంతమంది అమ్మమ్మలు తెలుగు నేల మీద ఉన్నారా అని నా అనుమానం! తప్పుదోవ పట్టించే ప్రకటనకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. అయినా లేని అమ్మమ్మ ఎందుకు? మిరపకాయలు ఎక్కడివి, ఆవాలు ఎప్పుడు కొట్టించారు, ఏ నూనె పోశారు... ఆవకాయ రుచి తెలిసినవారు అడిగేవి ఇవే.

అపోహ: ఖరీదైన వీడియో తీయించాలి.

వాస్తవం: అక్కర్లేదు. 1893లో అమృతాంజనం ప్రారంభించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు దాన్ని సంగీత కచేరీలలో ఉచితంగా పంచారు. తలనొప్పి తగ్గినవారే మిగతా ప్రచారం చూసుకున్నారు. మీకైతే పార్సిల్‌లో పెట్టే చిన్న చీటీ చాలు.

అపోహ: ఏం రాయాలో రచయితకే తెలుస్తుంది.

వాస్తవం: నాకు తెలియదు. అందుకే, కొన్నవారు మళ్లీ మళ్లీ అడిగిన ప్రశ్నలు, చేసిన ఫిర్యాదులు ముందుగా పంపమంటాను. "రంగు పోతుందా?", "బూజు పడితే?" వంటివి. యజమానులు మాత్రం సన్మానాల ఫొటోలు పంపుతారు. వాటిని పక్కనపెట్టి మళ్లీ ఫిర్యాదులే అడుగుతాను.